సుకిరికి నేనిచ్చిన పసుపు కార్డు

ఈ బరువు మొయ్యడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా చెప్పలేదు. చెబుదామని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను. తెరిచి, కూరలో ఉప్పు తక్కువైందన్నాను. ఆమె లేచి ఉప్పు తెచ్చింది. అక్కడితో సరి.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను కాబోలు. నా పేరు అడక్కండి. నేను దొంగతనం చెయ్యలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఒక పిల్ల పెళ్ళి చెడగొట్టాను. తెలియక చెడగొట్టడం ఒక ఎత్తు. తెలిశాక నోరు మూసుకుని కూర్చోవడం ఇంకో ఎత్తు. మొదటిదానికి నన్ను నేను ఎప్పుడో క్షమించేసుకున్నాను. రెండోదాని దగ్గరే వస్తోంది తంటా అంతా.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం దొరక్క, మా నాన్న ఎదురుపడితే తప్పుకు తిరుగుతున్న రోజులు. అరకులో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు రమ్మన్నారు. ఏజెన్సీ ఊళ్ళలో సికిల్ సెల్ జబ్బుకి రక్తపరీక్షలు చేసేవాళ్ళు వాళ్ళు. ఆ జబ్బున్న పిల్లలు కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగిపోతారు. ఒంట్లో రక్తం నిలవదు. నేను వెళ్ళిన మొదటి నెలలోనే అనంతగిరి అవతల ఒక ఇంట్లో చూశాను, ఏడెనిమిదేళ్ళ పిల్ల, మోకాళ్ళు పట్టుకుని ఏడవడానికి కూడా ఓపిక లేక చూస్తూ ఉంది. ఆ చూపు చూశాక ఉద్యోగం కోసం వచ్చానన్న సంగతి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. ఆ మాటొక్కటీ నమ్మండి.

మా డాక్టరమ్మ చాలా గట్టిమనిషి. ఊరి నాయుళ్ళని, అంటే పెద్దల్ని, కూర్చోబెట్టి రాజ్మా గింజలతో పాఠం చెప్పేది. తెల్ల గింజలూ ఎర్ర గింజలూ చాప మీద పరిచి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి తీసి కలిపేది. ఒక్క ఎర్రగింజ ఉన్న మనిషికి ఏ బాధా ఉండదు. దాన్ని మేం 'గుర్తు' అనేవాళ్ళం. గుర్తున్న ఇద్దరు పెళ్ళాడితే మాత్రం, పుట్టే పిల్లల్లో ఎవరికో రెండు ఎర్రగింజలూ పడవచ్చు. పడితే జబ్బే. గుర్తు లేనివాళ్ళకి తెల్ల కార్డు, ఉన్నవాళ్ళకి పసుపు కార్డు ఇచ్చేవాళ్ళం.

పెద్దలు ఆ పాఠాన్ని మేం అనుకున్నదానికంటే గట్టిగా పట్టుకున్నారు. అక్కడ పెళ్ళి మాట ఖాయం చెయ్యాలంటే అబ్బాయి వైపువాళ్ళు జీలుగు కల్లు కుండ తెచ్చి అమ్మాయి ఇంట్లో దించాలి. అందరూ తలో డొప్పెడు తాగితే మాట అయిపోయినట్టు. మేం తిరగడం మొదలుపెట్టాక, కుండ దించేముందు కార్డులు చూపించమనడం ఆనవాయితీ అయిపోయింది. డాక్టరమ్మ పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను.

నా పని కంప్యూటర్. సంత జరిగే చోట బడి వరండాలో ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని పేరు, ఊరు, వయసు, గుర్తు ఉందా లేదా అన్నది ఎక్కించేవాణ్ణి. ఇంటర్నెట్ లేదు. బ్రౌజర్లో తెరుచుకునే పేజీ ఒకటి జావాస్క్రిప్ట్‌తో నేనే రాశాను. అయితే కరెంటు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. సగం టైపు చేశాక కరెంటు పోతే అంతా పోయేది. సంతకొచ్చిన మనిషిని పట్టుకుని పేరు, ఊరు మళ్ళీ మొదటినుంచి అడిగితే, "బేగి కానీయండి బాబూ, సీకటి పడితే కొండెక్కలేం" అని లేచిపోయేవాళ్ళు.

దానికో ఉపాయం ఆలోచించాను. టైపు చేస్తున్న ప్రతి ముక్కనీ ఎప్పటికప్పుడు బ్రౌజర్ తనలో దాచుకునే చిన్న జాగాలో పెట్టించాను. కుకీ అంటారు దాన్ని. కరెంటు వచ్చి పేజీ మళ్ళీ తెరిస్తే, ఆగిపోయిన మనిషి వివరాలు దాచినచోటు నుంచి వచ్చి తెర మీద నిలబడేవి. ఎంత మురిసిపోయానో చెప్పలేను. లేబ్ చూసే అప్పారావుని పిలిచి మరీ చూపించాను.

ఆ మురిపెంలోనే మొదటి హెచ్చరిక వచ్చింది. నేను నవ్వేసి వదిలేశాను.

అక్కడివాళ్ళు వయసు అడిగితే నిండిన ఏడు చెప్పేవారు. డాక్టరమ్మకి నడుస్తున్న ఏడు కావాలి. అందుకని పేజీయే ఒకటి కలుపుకునేట్టు రాశాను. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక, నలభై నిండిన ఒకాయన వయసు తెర మీద నాలుగొందల ఒకటి అని వచ్చింది. అప్పారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏటి బాబూ ఇది, ఈయన మా తాత తాతకి తాతలా ఉన్నాడే!" అన్నాడు. తప్పేమిటో నాకు వెంటనే తెలిసింది. ఆ జాగాకి అంకె ఇచ్చినా, అవును కాదు ఇచ్చినా, అది అన్నిటినీ ఉత్త అక్షరాలు చేసి దాచుకుంటుంది. తిరిగి తీసినప్పుడు నలభై అంకె కాదు, నాలుగూ సున్నా అన్న రెండక్షరాలు. వాటి పక్కన ఒకటి అతికించింది, కలపలేదు. బయటికి తీసినప్పుడు మళ్ళీ అంకెగా మార్చుకోవాలని ఒక లైను రాశాను. వయసు ఒక్కదానికే రాశాను. మిగతావాటి సంగతేమిటని అడుక్కోలేదు. ఎందుకు అడుక్కోలేదు? నవ్వొచ్చిన తప్పు గనక. నవ్వొచ్చిన తప్పుని ఎవరు పట్టించుకుంటారు?

ఇక ఆ రోజు సంగతి.

ముంచింగిపుట్టు సంత. ఆమె అసలు పేరు రాయను. సుకిరి అందాం. పందొమ్మిది ఇరవై ఉంటాయి. అబ్బాయిని బొంజుబాబు అందాం. ఇద్దరివీ పక్కపక్క కొండల మీది ఊళ్ళు. కాఫీ పళ్ళు కోసే కాలంలో ఒకే తోటలో పనిచేస్తూ ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడ్డారు. పెద్దలకీ అభ్యంతరం లేదు. కల్లు కుండ దించడమే తరువాయి. కార్డుల కోసం రెండు కుటుంబాలూ కలిసి సంతకి వచ్చాయి. వరండా మెట్ల మీద పిల్ల ఒక చివర, పిల్లవాడు ఒక చివర కూర్చుని, మధ్యలో ఉన్న జనంలోంచి చూసుకుని నవ్వుకుంటున్నారు. అదీ నేను చూశాను. చూడకపోయినా బాగుండేది.

బొంజుబాబుకి గుర్తు ఉంది. పసుపు కార్డు. అందులో తప్పేమీ లేదు. అందువల్ల సుకిరి కార్డు మీదే అంతా ఆధారపడింది. ఆమెకి తెల్లది వస్తే పెళ్ళి. పసుపు వస్తే లేదు.

అప్పారావు లోపల గదిలో గొట్టాలు చూసి, నంబరు చెప్పి, ఉందనో లేదనో నాకు కేకేసేవాడు. సంత రొదలో బయటున్నవాళ్ళకి వినబడేది కాదు. సుకిరి నంబరు చెప్పి "నేదు!" అన్నాడు. నేను విన్నాను. పేజీలో గుర్తు ఉందన్న గడిలో టిక్కు పెట్టకుండా వదిలాను. నా చెయ్యి ఎక్కించే మీట నొక్కేలోగా కరెంటు పోయింది.

లేచి టీ తాగడానికి వెళ్ళాను. జీపు డ్రైవరుతో క్రికెట్ గురించి మాట్లాడాను. కరెంటు వచ్చిందని ఎవరో చెబితే తిరిగొచ్చి పేజీ తెరిచాను. నేను మురిసిపోయిన ఉపాయం చక్కగా పనిచేసింది. సుకిరి పేరు, ఊరు, వయసు అన్నీ వచ్చి నిలబడ్డాయి. గుర్తు ఉందన్న గడిలో టిక్కు.

నేనే పెట్టి ఉంటాననుకున్నాను. టీకి లేచే హడావుడిలో మర్చిపోయి ఉంటాననుకున్నాను. అప్పారావుని ఒక్క కేక వేసి అడగొచ్చు. అడగలేదు. మీట నొక్కాను. పసుపు కార్డు తీసి ఆమె పేరు రాసి ఇచ్చాను.

కార్డు రంగు చూసి సుకిరి మెట్లెక్కి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. చెయ్యి చాపింది, సూది గుచ్చిన వేలు ముందుకు పెట్టి.

"ఇంకోపాలి సూడండి బాబూ. ఇంకో సుక్క రగతం తీసుకోండి."

"కంప్యూటర్లో ఎక్కేసిందమ్మా. ఇంక మారదు."

"మిసనుకి పొరపాటు రాదా బాబూ?"

"మనుషులకొస్తుంది. దానికి రాదు."

ఆ పెట్టె వైపు ఒకసారి చూసింది. సరేనన్నట్టు తలూపింది. ఆమె వెనకాల ఇంకా జనం ఉన్నారు, జీపు చీకటి పడకుండా ఘాటీ దిగాలి, నాకు ఆకలి కూడా వేస్తోంది. ఇవన్నీ కారణాలే. ఒక్క చుక్క రక్తానికి ఇన్ని కారణాలు అడ్డొచ్చాయి.

ఆ వారమే సుకిరి ఊరి నాయుడు మాట తప్పించేశాడు. గుర్తున్న ఇద్దరికి ముడిపెట్టేది లేదన్నాడు. తెచ్చిన కల్లు కుండని దించకుండానే బొంజుబాబు మేనమామ భుజాన వేసుకుని తిరిగి వెళ్ళిపోయాడట. తర్వాతి సంతలో నాయుడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మీరు సెప్పినట్టే సేసినాం బాబూ" అని చెప్పాడు. ఛాతీ విరుచుకుని చెప్పాడు. నేను ఆయన భుజం తట్టాను. డాక్టరమ్మకి ఆ సంగతి చెప్పింది కూడా నేనే.

తర్వాత కొన్నాళ్ళకి మా పని చూడ్డానికి బయటినుంచి పెద్దమనుషులు వస్తారన్నారు. కరెంటు పోయినా వివరాలు పోవని వాళ్ళకి చూపించాలని డాక్టరమ్మ కోరిక. అరకు ఆఫీసులో పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతుండగా, రిహార్సల్ చేసుకుంటున్నాను. ఉదాహరణకి నా పేరే టైపు చేశాను. గుర్తు గడి ఖాళీగా వదిలాను. వైరు పీకాను. మళ్ళీ పెట్టి పేజీ తెరిచాను.

నా పేరు పక్కన టిక్కు.

ఇంకోసారి చేశాను. మళ్ళీ టిక్కు. అప్పుడు అర్థమైంది. గుర్తు లేకపోతే నా పేజీ ఆ జాగాలో 'ఫాల్స్' అని దాస్తుంది. దాచేటప్పుడు అది కాదు అనే విలువ. దాచాక ఉత్త మాట, అప్పుడు నలభై అన్న అంకె అక్షరాలైపోయినట్టే. తిరిగి తీసినప్పుడు నా ప్రోగ్రాం ఆ మాట చదవదు. ఏదైనా రాసుందా, ఖాళీగా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఖాళీగా లేదు కాబట్టి ఉందనుకుంటుంది. మనం ఎవరికైనా చీటీలో లేదు అని రాసి పంపితే, అవతలివాడు మడత విప్పకుండానే చీటీ వచ్చింది కదా, ఉన్నట్టే అనుకోవడం లాంటిది. దాన్ని సరిచెయ్యడానికి ఒక్క లైను చాలు. వయసుకి రాసిన రోజునే దీనికీ రాసి ఉంటే?

కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ రోజు అప్పారావు కేక చెవిలో మోగింది. నేదు. నేదు. నేనేం మర్చిపోలేదు, అందరికంటే నాకే బాగా గుర్తుంది.

ఆ ఉపాయం పెట్టాక అంతవరకూ జరిగిన క్యాంపులు కొన్నే. కరెంటు పోయినప్పుడు తెర మీద ఉండి పసుపు కార్డు తీసుకున్నవాళ్ళు సుకిరి కాక ఇంకో ఇద్దరు. వాళ్ళని పిలిపించాను. పరీక్షకి వాడే మందు పాతదైపోయిందని అబద్ధమాడి మళ్ళీ పరీక్ష చేయించాను. ఒకరిది మారింది. తెల్ల కార్డు ఇచ్చాను. వాళ్ళమ్మ నాకు దండం పెట్టింది.

సుకిరిని పిలవలేదు.

ఇదే, ఇదే చెప్పాలని ఇంతసేపూ తిరుగుతున్నాను. ఆమెని పిలవలేదు. అప్పటికింకా వేళ మించిపోలేదు. బొంజుబాబు ఇంకెవరినీ తెచ్చుకోలేదు. చైత్రంలో కొండవాళ్ళు వేటకెళ్ళే ఇటుకల పండగ అయ్యాక గానీ అక్కడ పెళ్ళిళ్ళు చెయ్యరు. జీపు ఉంది, దారి తెలుసు, అప్పారావు కిట్టు సంచిలో ఉంది. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి వాళ్ళ ఇంటి ముందుండొచ్చు. ఎందుకు వెళ్ళలేదు?

అప్పుడు నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, ఒక్క తప్పు బయటపడితే ఈ కొండల్లో ఇంకెవరూ వేలు చాపరు, పసిపిల్లలు చచ్చిపోతారు అని. మంచి కారణమే. వినడానికి ఎంత బాగుందో చూడండి. మరి ఆ ఇద్దరికీ అబద్ధమాడి కార్డు మార్చినవాణ్ణి, మూడో మనిషికి అదే అబద్ధం ఎందుకు ఆడలేకపోయాను? ఎందుకంటే సుకిరి కథ అప్పటికే ఊరంతా తెలిసిన కథ. కుండ వెనక్కి వెళ్ళిన కథ. ఆమె కార్డు రంగు మారితే నాయుడు అడుగుతాడు, మేనమామ అడుగుతాడు, డాక్టరమ్మ అడుగుతుంది. అందరూ నా వైపు చూస్తారు. నా ఉద్యోగం ఆ నెలలోనే ఖాయం కావాల్సి ఉంది. పెద్దమనుషులు వచ్చి వెళ్ళాక చూద్దాంలే అనుకున్నాను.

వాళ్ళు వచ్చారు. డాక్టరమ్మ వాళ్ళకి ఆ కథే చెప్పింది. పేర్లు లేకుండా, ఒక యువతి, ఒక యువకుడు, పుట్టబోయే బిడ్డల కోసం వాళ్ళు వదులుకున్న ఇష్టం. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఈ చేతులతోనే.

ఇటుకల పండగ అయిపోయింది. బొంజుబాబు ఇంకో ఊరి పిల్లని తెచ్చుకున్నాడని అప్పారావు చెప్పాడు. ఆ మాట విని నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. ఇంక వెళ్ళి ప్రయోజనం లేదు కదా, అందుకని. ఛీ.

తర్వాత రెండేళ్ళకి ఆ ఉద్యోగం మానేసి విశాఖపట్నం వచ్చేశాను. మంచి జీతం, పెళ్ళి, పిల్లలు. ఏదైనా విలువ దాచే ప్రోగ్రాం రాస్తే కింద పనిచేసే కుర్రాళ్ళ ప్రాణాలు తోడేస్తాను. తీసినప్పుడు అంకె అంకెగా రావాలి, అవును కాదు అలాగే రావాలి, ముందు అది చూపించండి అంటాను. సార్‌కి చాదస్తం అని చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆ దశకం ముగిసేలోగా ఒకసారి పనిమీద మళ్ళీ కొండెక్కాను. ముంచింగిపుట్టులో దిగేసరికి సంత. కావాలని ఆ రోజే వెళ్ళానా? ఏమో. సీతాఫలాల బుట్టల వరసలోంచి ఎవరో "కంప్యూటరు బాబు కదా!" అని పిలిచారు. సుకిరి. కాస్త ఒళ్ళు చేసింది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు.

పారిపోదామనిపించింది. ఆమె నన్ను కూర్చోబెట్టింది. బొంజుబాబు తర్వాత ఏడాది పైగా ఇంట్లోనే ఉందట. పసుపు కార్డు పిల్లని అడగడానికి ఎవరూ రాలేదట. చివరికి ఒరిస్సా వైపు ఊరినుంచి, మొదటి భార్య పోయిన పెద్దవయసు మనిషి వచ్చాడట. అతనికి పరీక్ష చేయించి, గుర్తు లేదని కార్డు చూశాకే ఒప్పుకుందట. మా పాఠం అంత బాగా నేర్చుకుంది.

"మీరు సెప్పబట్టి సరిపోనాది బాబూ," అంది. "నేకపోతే నా గుంటలు ఏటైపోదురో. ఇద్దరికీ తెల్ల కార్డులే వచ్చినాయి. దేవుడు సల్లగా సూసినాడు."

ఎందుకు రావు తెల్ల కార్డులు? నాకు తెలుసు ఎందుకొచ్చాయో. నోరు తెరిచాను. ఏదో ఒకటి అనాలి గనక, బొంజుబాబు కనబడుతుంటాడా అని అడిగాను. ఎంత సిగ్గులేని నోరు!

ఆమె నవ్వింది. "ఈ సంతకే వత్తాడు. దూరం నించి సూత్తాను. అంతే."

లేవబోతుంటే అడ్డాకులో నాలుగు సీతాఫలాలు కట్టి చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తోసేసింది. "మా మంచి కోరినోరు మీరు," అంది. తీసుకున్నాను. ఘాటీ దిగే బస్సులో ఒకటి విప్పి తిన్నాను. తియ్యగా ఉంది. అది గొంతు దిగింది చూశారూ, దానికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

ఇప్పుడు చెబితే ఆమెకేం మేలు? ఆ ప్రశ్న వెనక ఇన్నేళ్ళు దాక్కున్నాను. పిల్లలు బాగున్నారు, కాపురం సాగుతోంది, ఎందుకు కదపడం అనుకున్నాను. నిజమే కావచ్చు. కాకపోవచ్చు కూడా. తన ఒంట్లో ఏదో చెడు ఉందని, దానివల్లే తన ఇష్టం తనకి దక్కలేదని ఆమె నమ్ముతోంది. దూరం నుంచి చూసి తల తిప్పుకున్న ప్రతిసారీ అదే నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని పెట్టింది నేను. తియ్యాల్సిందీ నేనే. తియ్యలేదు. ఇది చదివి మీరు నన్ను తిట్టుకున్నా పరవాలేదు, జాలిపడవద్దు. ఎవరితోనూ అనకుండా దాచిన మాట ఒకసారి బయటికొచ్చింది. ఆ బరువు కాస్త తేలికైంది. అంతే, ఇంకేం కాలేదు.

ఎప్పుడైనా, ఎవరైనా, నీకు ఇది చదివి వినిపిస్తారేమోనని రాస్తున్నాను. సుకిరీ, నీకు ఆ గుర్తు లేదమ్మా. ఎప్పుడూ లేదు. ఆ రోజు అప్పారావు లేదనే చెప్పాడు. నేను విన్నాను.